ఆకు నుండి మొక్క

బెల్లంపల్లి నుండి ఒక గృహిణి ఇటీవల మా కేంద్రానికి ఉత్తరం వ్రాసినారు. భర్త సింగరేణి గనులలో పనిచేసి పదవీ విరమణ పొందినారట. ఏళ్ళ తరబడి కాపురమున్న కంపెనీ క్వార్టరును ఇక ఖాళీ చేయవలసి ఉన్నది. వాకిట్లో ఆమె పెంచిన కుండీలలో రణపాల ఉన్నది, కలబంద ఉన్నది, దళసరి ఆకుల జేడ్ మొక్క ఉన్నది, గులాబీపువ్వు ఆకారంలో విచ్చుకొనే ఎచెవేరియా ఉన్నది, అంచుల వెంట పసుపుచార గల పాము మొక్క ఉన్నది. వెళ్ళబోయే అద్దె ఇంటిలో వీటన్నిటికీ చోటు లేదు. పెద్ద కుమార్తె శ్రీరాంపూర్‌లోను, చిన్న కుమార్తె కొత్తగూడెంలోను ఉన్నారు. వారికి తలా కొన్ని ఆకులు ఇచ్చి పంపితే ఈ మొక్కలే వారి ఇళ్ళలోను పెరుగుతాయా అని ఆమె ప్రశ్న. ఇదివరకు మూడుసార్లు ఆకులను నాటి, తప్పక రోజూ నీరు పోసినారట. మూడుసార్లూ కుళ్ళిపోయినవట.

గనుల ఊళ్ళలో కాపురాలు కదులుతూనే ఉంటాయి. ఒక బాయి మూతపడితే మరొక బాయికి బదిలీ. మంచాలూ బీరువాలూ లారీ ఎక్కి క్షేమంగానే చేరుతాయి. మట్టి కుండీలు మాత్రం సగం దారిలో పగులుతాయి. మూడు తరాలుగా ఇంటిలో ఉన్న మొక్క ఆ ఒక్క ప్రయాణంతో పోయిన ఇళ్ళు లేకపోలేదు. అందువలన ఈ ఉత్తరానికి సమాధానం కొంత విపులంగానే చెప్పదలచినాము.

ఆమె పేర్కొన్న ఐదింటిలో రణపాల, జేడ్, ఎచెవేరియా ఆకు నుండి చక్కగా వస్తాయి. కలబంద రాదు. పాము మొక్క వస్తుంది గాని, వచ్చిన మొక్క ఆమె కోరిన మొక్క కాదు. ఈ తేడాలు ఎందుకు వచ్చినవో గ్రహించితే చేయవలసిన పని తనంతట తానే తెలుస్తుంది.

వేపాకునో మామిడాకునో త్రుంచి అరుగుమీద పెట్టితే సాయంత్రానికి వాడుతుంది. రణపాల ఆకును పెట్టితే వారాలు గడిచినా పచ్చగానే ఉంటుంది. దాని దళసరి కండలో నీరు నిలువ ఉండుట ఒక కారణం. అయితే నిలువ ఉన్నంతమాత్రాన చాలదు, ఆ నీరు బయటికి పోకుండా కాపాడుకొనే ఉపాయం కూడ ఉండవలెను. మొక్కలన్నీ ఆకులకు గల సూక్ష్మరంధ్రాల గుండా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆహారం చేసుకొంటాయి. ఆ రంధ్రాలు తెరచినప్పుడెల్లా లోపలి నీరు ఆవిరిగా పోతుంది. తక్కిన మొక్కలు పగటివేళ తెరుస్తాయి. ఈ దళసరి ఆకుల మొక్కలు ఎండవేళ తలుపులు బిగించుకొని, చల్లబడిన తరువాత రాత్రిపూట తెరుస్తాయి. రాత్రి పీల్చిన వాయువును ఒక పుల్లని ఆమ్లంగా మార్చి దాచుకొని, తెల్లవారిన తరువాత మూసిన తలుపుల వెనుక దానిని వెలుతురుతో ఆహారంగా మార్చుకొంటాయి.

ఈ సంగతి శాస్త్రలోకానికి తెలియుటలో మన తెలుగునేలతో సంబంధమున్న ఒక వ్యక్తికి పాత్ర ఉన్నది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక తోట ఉండేది. రాక్స్‌బరో 1793లో కలకత్తాకు వెళ్ళిన పిమ్మట దానిని చూచుకొన్నవాడు బెంజమిన్ హైనె అనే జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన రణపాల ఆకును వేర్వేరు వేళలలో నమలి చూచినాడు. ఉదయం పుల్లగాను, మధ్యాహ్నానికి చప్పగాను, సాయంత్రానికి కొంచెం చేదుగాను ఉన్నదని లండన్‌లోని లిన్నేయన్ సొసైటీకి వ్రాసినాడు. అది 1815లో అచ్చయినది. రాత్రివేళ జరిగే ఆ నిలువకు సంబంధించిన పరిశోధనలను చెప్పేవారు నేటికీ ఆయన పేరు తలచుకొంటారు. ఈ పరీక్షను శ్రోతలు తమ నాలుకపై చేయవద్దని మా మనవి. కారణం తరువాత చెప్తాము.

ప్రస్తుతానికి మనకు కావలసిన విషయమేమంటే, ఇటువంటి ఆకు తల్లి నుండి విడిపోయినా వెంటనే ప్రాణం వదలదు. తనలోని నీరు అయిపోయే లోపల వేళ్ళు పుట్టించుకొనుటకు దానికి కొన్ని వారాల గడువు ఉన్నది. ఆ గడువులో ఆకును చంపేది సాధారణంగా దాహం కాదు. మనం పోసే నీరే.

వేరు లేని ఆకు నీరు త్రాగలేదు. కోసిన చోట పచ్చి గాయముంటుంది. ఆ గాయం తడి మట్టిలో ఉంటే బూజు, క్రిములు అందులో ప్రవేశిస్తాయి. తడిసి ముద్దయిన మట్టిలో గాలి ఆడదు, గాలి లేక కొత్త వేరు పుట్టదు. ఆకు మొదట గాజువలె పారదర్శకంగా మారి, తరువాత గోధుమరంగు తిరిగి, పట్టుకొంటే చేతిలో చితికిపోతుంది. అట్లా మెత్తబడుట చూచి ‘ఎండిపోతున్నది’ అనుకొని మరి రెండు చెంబులు పోయుట మన ఇళ్ళలో జరిగే పని. బెల్లంపల్లి సోదరి మూడు ప్రయత్నాలూ ఇట్లే పోయి ఉండవలెను. శ్రద్ధ లోపించినందువలన గాక, ఎక్కువైనందువలన పోయినవన్నమాట.

ఇక ఆకులో మొక్క ఎక్కడనుండి పుడుతుంది? ఇక్కడ రణపాల తీరు వేరు, తక్కిన వాటి తీరు వేరు.

రణపాల ఆకు అంచు రంపపు పళ్ళవలె గంట్లు గంట్లుగా ఉంటుంది. ఆకు ఇంకా చెట్టున పెరుగుతున్నప్పుడే ఒక్కొక్క గంటులో ఒక సూక్ష్మమైన మొగ్గ ఏర్పడి నిద్రపోతూ ఉంటుంది. తల్లితో సంబంధమున్నంతకాలం అక్కడినుండి వచ్చే సంకేతాలు దానిని లేవనీయవు. ఆకు రాలినా, మనం త్రుంచినా ఆ అదుపు తొలగి మొగ్గలు మేల్కొంటాయి. కొద్దిరోజులలో గంటునుండి తెల్లని వేళ్ళు, వాటి వెంట రెండేసి చిట్టి ఆకులు బయటికి వస్తాయి. మట్టి లేకున్నా సరే. పుస్తకం మధ్య పెట్టిన రణపాల ఆకు మొలకెత్తుట బడిపిల్లలందరికీ తెలిసిన వినోదమే. జర్మన్ మహాకవి గోథేకు కూడ ఈ మొక్క అంటే ఎంతో మక్కువ. ఇంట్లో పెంచి, ఆకులను మిత్రులకు కానుకగా పంపేవాడు. మడగాస్కర్ ద్వీపంలో పుట్టిన ఈ మొక్క లోకమంతా వ్యాపించుటకు మనుషులకు గల ఈ ముచ్చట కూడ ఒక కారణం అయి ఉండవచ్చును.

జాక్ లోబ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఒక్క ఆకుపై అనేక ప్రయోగాలు చేసి 1924లో ఒక గ్రంథం ప్రకటించినాడు. త్రుంచిన ఆకు ఎంత బరువున్నదో దానికి తగిన పాళ్ళలోనే దాని నుండి పుట్టిన మొలకల బరువు కూడ ఉంటుందని ఆయన చూపినాడు. అంటే మొలకకు పెట్టుబడి ఆకులోని నిలువే. దీనివలన మనకు తెలిసే నీతి చాల సాధారణమైనది: ముదిరి, నిండుగా ఉన్న పెద్ద ఆకును ఎన్నుకొనవలెను, లేత ఆకునో పసుపు తిరిగిన ఆకునో ఎన్నుకొనరాదు.

జేడ్, ఎచెవేరియా మొక్కల ఆకుల అంచున ఇటువంటి సిద్ధమైన మొగ్గలు లేవు. అక్కడ మొక్క పుట్టే చోటు ఒక్కటే, ఆకు కాండానికి అతుక్కొన్న మొదలు. ఆకు విడివడిన తరువాత ఆక్సిన్ అనే పెరుగుదల రసం పైనుండి క్రిందికి ప్రవహించి ఆ మొదట్లో పోగవుతుంది. దాని ప్రేరణతో అక్కడి కణాలు తమ పాత పని మాని, వేరు కణాలుగా, ఆ తరువాత మొగ్గ కణాలుగా మారుతాయి. ఆ మొదలు చిరిగి సగం కాండానికే ఉండిపోతే, మిగిలిన ఆకు ఎంత అందంగా ఉన్నా మొక్క కాదు. కొన్నిసార్లు వేళ్ళు పుట్టి, మొగ్గ పుట్టక, నెలల తరబడి అట్లే ఉండిపోతుంది. తోటవారు దానిని గుడ్డి ఆకు అంటారు. అందువలన ఈ విద్యలో నేర్పంతా ఆకును విడదీయుటలోనే ఉన్నది. కత్తి పనికిరాదు. ఆకును మొదలుకు దగ్గరగా బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ పట్టుకొని ఎడమకూ కుడికీ మెల్లగా ఆడించవలెను. రెండు మూడుసార్లలో అది చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. చివర నెలవంకవలె నున్నగా, చీలిక లేకుండా ఉంటే ఆకు మంచిది. లేకుంటే పక్కన పెట్టి మరొకటి తీయవలెను. క్రింది వరుసలోని ఆకులు తీస్తే తల్లి మొక్క అందం చెడదు.

తీసిన ఆకులను వెంటనే మట్టిమీద పెట్టరాదు. నీడలో చాటలో పరచి మూడు నాలుగు రోజులు, మరీ దళసరివైతే వారం రోజులు ఆరనీయవలెను. గాయంపై సన్నని బెరడుపొర కడుతుంది. చేతితో తాకితే గట్టిగా, పొడిగా తగులుతుంది. కొందరు పసుపు అద్దుతారు, కొందరు బజారులో దొరికే వేరు మందు అద్దుతారు. పసుపువలన నష్టం లేదు, వేరు మందుతో అవసరం లేదు. ఆరబెట్టుటను మించిన మందు మాకు కనపడలేదు.

నాటుటకు లోతైన కుండీ అక్కరలేదు. వంటింటి మట్టి మూకుడు శ్రేష్ఠం. మట్టిపాత్ర గోడల గుండా తేమ బయటికి పోతుంది, ప్లాస్టిక్ డబ్బాలో ఆ సౌకర్యం లేదు. మూకుడును ఒక పూట నీటిలో నానబెట్టి, మేకుతో మెల్లగా తిప్పుతూ అడుగున రెండు మూడు రంధ్రాలు చేస్తే పగలదు. మట్టి విషయంలో బెల్లంపల్లివారికి ఒక హెచ్చరిక, ఒక శుభవార్త. హెచ్చరిక నల్లరేగడి గురించి. పత్తికి ప్రాణమైన ఆ నేల ఈ ఆకులకు శత్రువు. తడిస్తే రోజుల తరబడి ఆరదు, ఆరితే నెర్రెలు విచ్చి లేత వేళ్ళను త్రెంపుతుంది. శుభవార్త ఏమంటే ఎర్ర చెలక మన్ను, గోదావరి ఇసుక రెండూ వారికి దగ్గరలోనే దొరుకుతాయి. ముతక ఇసుకను జల్లించి, జల్లెడలో పైన నిలిచిన దానిని తీసుకొనవలెను. క్రింద రాలిన సన్నని దుమ్మును పారవేయవలెను. అటువంటి ఇసుక గాని, జొన్నగింజంత ముక్కలుగా దంచిన ఇటుక గాని రెండు పాళ్ళు, చెలక మన్ను ఒక పాలు కలిపితే చాలును. పెంట ఎరువు ఈ దశలో వద్దు. వేరే లేని ఆకుకు ఎరువుతో పనిలేదు, పైగా అది బూజును పిలుస్తుంది.

మట్టిలో కొంచెం బొగ్గు కలుపుట మంచిదని తోటపుస్తకాలలో ఉంటుంది. అది కట్టెబొగ్గు సంగతి. గనిలో దొరికే రాక్షసి బొగ్గును పొడిచేసి కలుపవచ్చునా అని గనుల ప్రాంతపు శ్రోతలు అడుగుతారు. కలుపరాదు. రాక్షసి బొగ్గు కాల్చిన బూడిద అసలే పనికిరాదు. దానిలోని క్షారాలు, లవణాలు లేత వేళ్ళను కాల్చుతాయి, సన్నని బూడిద తడిసి గట్టిపడి గాలి ఆడనీయదు.

సిద్ధమైన మూకుడులో ఆకులను పైన పరచవలెను, పాతిపెట్టరాదు. మొదలు మట్టిని తాకీ తాకనట్లు ఉంటే సరిపోతుంది. వేరు తానే దారి వెదకుకొంటుంది. రణపాల ఆకునైతే వెల్లకిల వేసి, కదలకుండా అంచులమీద రెండు గులకరాళ్ళు పెట్టవచ్చును. మూకుడును తూర్పు వసారాలో, చదువుకొనుటకు చాలినంత వెలుతురున్న నీడలో ఉంచవలెను. నేరుగా ఎండ తగలరాదు, చీకటి మూల కూడ పనికిరాదు. ఇక వేళ్ళు కనపడేవరకు నీరు పోయరాదు. ఈ మాటను రెండవసారి చెప్పుటకు మేము సంకోచించము.

ఎచెవేరియా, జేడ్ ఆకులకు రెండు నుండి నాలుగు వారాలలో మొదలునుండి దారాలవంటి వేళ్ళు వస్తాయి. వాటిలో కొన్ని జాతులకు ఆ వేళ్ళు గులాబీరంగులో ఉంటాయి. పురుగు పట్టిందని భయపడవద్దు. వేళ్ళు కనపడిన తరువాత మూడు నాలుగు రోజులకొకసారి, చేతివ్రేళ్ళతో ఆ చోటనే నీరు చిలకరించవలెను. మరికొన్ని వారాలకు వేళ్ళ పక్కన ఆవగింజంత మొగ్గ లేచి, చిన్న గులాబీవలె విచ్చుకొంటుంది. ఈ కాలమంతా పాత ఆకు ముడతలుపడి క్రమంగా కృశిస్తుంది. చూచుటకు బాగులేదని దానిని పీకివేయుట పెద్ద పొరపాటు. బిడ్డకు పాలిచ్చేది అదే. అది పూర్తిగా ఎండి కాగితమై తనంతట తానే ఊడిన తరువాత, కొత్త మొక్క రూపాయి బిళ్ళంత అయినప్పుడు వేరే కుండీకి మార్చవచ్చును. ఒకే ఆకుపై ఆశ పెట్టుకొనక పది ఆకులు పరచవలెనని మా సలహా. కొన్ని ఎండుతాయి, కొన్ని గుడ్డివవుతాయి, కొన్నింటిని కోళ్ళు పొడిచి పోతాయి. మిగిలినవి చాలును.

పాము మొక్క సంగతికి వద్దాము. పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చిన ఈ మొక్కకు మన అడవులలో చాగ అనే చుట్టమున్నది. దాని నార ఎంత గట్టిదంటే వెనుకటివారు వింటినారికి వాడేవారు. పాము మొక్క ఆకును నాలుగేసి అంగుళాల ముక్కలుగా కోసి, వారం ఆరబెట్టి, నిలువుగా ఒక అంగుళం లోతున నాటితే వేళ్ళు వస్తాయి. అయితే ముక్క తలక్రిందులు కారాదు. ఆక్సిన్ ప్రవాహం ఆకు కొననుండి మొదటికే గాని వెనుకకు మరలదు గనుక, తలక్రిందులుగా గుచ్చిన ముక్క వేరు వేయదు. కోసేటప్పుడే ప్రతి ముక్కకు క్రిందివైపు కొనను కూచిగా కోసుకొంటే తికమక ఉండదు. ఓపిక మాత్రం కావలెను. వేళ్ళకే నెల రెండు నెలలు పడుతుంది, పిలక కనపడుటకు ఇంకా ఎక్కువ.

ఇన్ని నెలలు వేచిన తరువాత పసుపు అంచుల మొక్కనుండి పుట్టిన పిలకకు పసుపు అంచు ఉండదు! ఉత్త పచ్చని మొక్క వస్తుంది. నర్సరీవాడు మోసగించినాడని గాని, చెయ్యి మంచిది కాదని గాని అనుకొనే పనిలేదు. పసుపు అంచుల మొక్క ఒకే మొక్కవలె కనపడినా నిజానికి రెండు రకాల కణాల పొత్తు. ఒక రకానికి పచ్చదనాన్ని చేసే శక్తి ఉన్నది, మరొక దానికి లేదు. కాండపు కొనలో ఆ రెండూ పొరలు పొరలుగా అమరి కలిసి పెరుగుతున్నంతకాలం చార నిలుస్తుంది. ఆకు ముక్కలో కొత్త మొగ్గ పుట్టేది ఒక రకపు కణాలనుండే గనుక పొత్తు అక్కడితో తెగిపోతుంది. బెల్లంపల్లి సోదరి తన కుమార్తెలకు ఇవ్వదలచినది ఆ పసుపు అంచుల మొక్కనే అయితే ఆకు ఇవ్వరాదు. కుండీని బోర్లించి, మట్టి దులిపి, లోపల దుంపవలె ప్రాకిన కాండాన్ని పదునైన కత్తితో కోసి, ప్రతి ముక్కకు రెండు మూడు ఆకులు, కొన్ని వేళ్ళు ఉండేటట్లు పంచవలెను. కోతలను రెండు మూడు రోజులు ఆరనిచ్చి పొడి మట్టిలో నాటి, వారం తరువాత నీరు పోస్తే మొక్కలన్నీ తల్లి పోలికతోనే పెరుగుతాయి. క్వార్టరు వదిలేలోగా ఆమె తప్పక చేయవలసిన పని ఇది ఒక్కటే. తక్కినవాటిని ఆకులుగా ఎప్పుడైనా పంపవచ్చును.

కలబంద ఆకు ఎంత లావుగా ఉన్నా లోపల ఉన్నది జిగురు నీరే. దాని మొదట్లో కొత్త మొగ్గ పుట్టుట జరుగదు, పాతితే కుళ్ళుతుంది. చుట్టూ వచ్చే పిలకలను వేళ్ళతో సహా తీసి నాటుట ఒక్కటే మార్గం. కిత్తనార కూడ ఇంతే. నాగజెముడు మాటేమిటి, దాని ఆకు పడినచోటనల్లా మొలుస్తుంది గదా అని కొందరు అనవచ్చును. అక్కడ మనం ఆకు అనుకొనేది ఆకు కాదు, బల్లపరుపుగా మారిన కాండం.

కాలం విషయం. అన్ని ఊళ్ళకు ఒకే మాట చెల్లదు. వేసవిలో బెల్లంపల్లి, మంచిర్యాల ప్రాంతాల ఎండ నలభై అయిదు డిగ్రీలను దాటుతుంది. సిమెంటు రేకుల క్రింద అది ఇంకా ఎక్కువ. పగటి ఎండకన్న ఈ మొక్కలకు బాధ కలిగించేది చల్లబడని రాత్రి. తలుపులు తెరచి ఊపిరి పీల్చుకొనే వేళకే గాలి సెగగా ఉంటే ఎచెవేరియా వంటివి పెరుగుట మాని ముడుచుకొంటాయి. వానకాలంలో గాలి నిండ తేమ ఉండి గాయం ఆరదు. కనుక బతుకమ్మ పండుగ దాటి వానలు వెనుకబట్టిన తరువాత, కార్తీకంలో మొదలుపెట్టుట మంచిది. పుష్యమాసంలో ఆదిలాబాదు వైపు కొన్ని రాత్రులు పది డిగ్రీలకు దిగువన ఉంటాయి. అప్పుడు మూకుడును రాత్రిపూట ఇంటిలోనికి తెచ్చుకొంటే పెరుగుదల ఆగదు. రణపాలకు మాత్రం ఈ నియమాలేవీ పట్టవు. ఏ కాలంలో పడవేసినా మొలుస్తుంది.

బొగ్గు రైళ్ళు నడిచే దారి పక్కన ఇళ్ళున్నవారు మరొక ప్రశ్న వేస్తారు. ఆకులపై నల్లని ధూళి పేరుకొంటే వెలుతురు అందక మొక్క నీరసించదా? నిజమే, నీరసిస్తుంది. జేడ్, రణపాల, పాము మొక్కల ఆకులను తడిబట్టతో తుడువవచ్చును. ఎచెవేరియాను తుడువరాదు. దాని ఆకులపై విభూతి పూసినట్లు కనపడేది మురికి కాదు, ఎండనుండి కాపాడే మైనపు పొర. ఒకసారి చెరిగితే ఆ ఆకుపై మళ్ళీ రాదు. వేళ్ళు ఊనిన మొక్కపై ధూళిని సన్నని ధారతో కడిగి, కుండీని వంచి నీరు ఒలికించితే సరిపోతుంది. ఆకుల సందులలో దూదిపింజలవంటి తెల్లని ముద్దలు కనపడితే అది మాత్రం మైనం కాదు, పిండినల్లి. ఆ ఆకును నాటుటకు వాడరాదు, ఇతరులకు ఇవ్వరాదు.

హైనె చేసిన రుచి పరీక్ష వద్దని పైన అన్నాము. రణపాలలోను, దాని దగ్గర బంధువులలోను గుండెపై పనిచేసే విషపదార్థాలున్నవి. ఈ జాతి మొక్కలను మేసి పశువులు చనిపోవుట ఆస్ట్రేలియాలో పెద్ద సమస్య అయినది. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కొన్నింటిని కలుపు మొక్కలుగా ప్రకటించి నిర్మూలించుటకు పాటుపడుతున్నారు. మన పల్లెలలో గాయాలపై రణపాల ఆకు కట్టే అలవాటు ఉన్నది. మూత్రపిండాలలో రాళ్ళు కరుగుతాయని పరగడుపున నమిలేవారు కూడ ఉన్నారు. వైద్యుని అడుగక అటువంటి పని చేయరాదని గట్టిగా చెప్తున్నాము. మేకలూ ఆవులూ తిరిగే గల్లీలోనికి కోసిన కొమ్మలను విసరివేయరాదు. పశువు తినకుంటే మోరీ గట్టున ప్రతి ఆకూ మొక్క అవుతుంది. కొమ్మలను ఎండలో రాతిమీద పూర్తిగా ఎండబెట్టి, ఆ తరువాతనే పారవేయవలెను.

ఆకులను దూరం పంపదలచినవారు వాటిని ముందుగా నాలుగు రోజులు ఆరబెట్టి, పాత వార్తాపత్రికలో విడివిడిగా చుట్టి, అట్టపెట్టెలో పెట్టవలెను. వారం పది రోజుల ప్రయాణమైనా అవి తట్టుకొంటాయి, రణపాలైతే దారిలోనే మొలకెత్తి చేరవచ్చును. ఏ ఆకు ఏ మొక్కదో కాగితంపై వ్రాయుట మరువరాదు. ఎండిన తరువాత ఎచెవేరియా ఆకులన్నీ ఒకే తీరున కనపడతాయి. ఇంటిలోని మొక్క పేరు తెలియనివారు ఉత్తరంతోపాటు ఒక ఆకును మాకు పంపితే తెలిసినంతవరకు చెప్తాము. పాలిథీన్ సంచిలో మాత్రం పెట్టవద్దని కోరుతున్నాము.